టీ గ్లాసులో మన వాటా ఎంత?

పోస్టు పెద్దదే. ఒక గ్లాసు టీ పెట్టుకుని కూర్చుని చదవండి. ఎందుకంటే ఇది ఆ గ్లాసు గురించే.

మేము ముగ్గురం హాస్టల్లో ఒకే రూములో ఉంటాం. ముగ్గురి ఇళ్లలోనూ కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక ఒక సర్టిఫికెట్ పని మీద విశాఖపట్నం వెళ్లాం. అక్కడ ఒక కేఫ్ బయట బోర్డు మీద ‘ప్రోటీన్ మసాలా చాయ్ లాటే, 280 రూపాయలు’ అని రాసుంది. మా ఊరికి బస్సు ఛార్జీ అంతకన్నా తక్కువ. నవ్వుకుని వచ్చేశాం. బస్సెక్కాక మాత్రం ఆ బోర్డు మా బుర్రలోంచి పోలేదు. పాలు, అల్లం, మిరియాలు, టీ పొడి, కొంచెం ప్రోటీన్ పొడి. ఇంతేగా ఉండేది? ఇందులో మిరియాలూ అల్లమూ మన కొండల్లో పండేవే. మరి టీ పొడి? దానికీ మనకీ సంబంధం ఏంటి?

ఆ సంబంధం మేము అనుకున్నదానికన్నా చాలా పాతదని సెలవుల్లో ఇంటికెళ్లాక తెలిసింది. లైబ్రరీలో చదివింది కొంత, మామ్మ చెప్పింది కొంత. రెండూ కలిపి రాస్తున్నాం. చివర్లో ఆ 280 రూపాయల టీని ఇంట్లో 30, 40 రూపాయల లోపు ఎలా పెట్టామో కూడా చెప్తాం.

ముందు పేరు సంగతి

లాటే అంటే ఇటలీ భాషలో పాలు, అంతే. ఇటలీ వెళ్లి లాటే అడిగితే పాలగ్లాసు చేతిలో పెడతారు. కాఫీలో పాలు పోస్తే కాఫే లాటే. 1990లలో అమెరికా కేఫుల్లో మన మసాలా టీకి నురగ పాలు కలిపి ‘చాయ్ టీ లాటే’ అని అమ్మడం బాగా పెరిగింది. చాయ్ అన్నా టీయే, టీ అన్నా టీయే. అంటే ఆ పేరుకి అర్థం ‘టీ టీ పాలు’!

చాయ్, టీ రెండూ చైనా మాటలే. చైనాలో ఎక్కువమంది ‘చా’ అంటారు. అది నేల దారిన నడిచిన దేశాల్లో చాయ్ అయింది. చైనా దక్షిణ తీరంలో, ఫుజియన్ వైపు, ‘తే’ అంటారు. ఓడల మీద అక్కడి నుంచి వెళ్లిన చోటల్లా టీ అయింది. మన తెలుగులో తేయాకు, తేనీరు అనే మాటల్లో ఉన్న ‘తే’ అదే. తేనెకీ దానికీ సంబంధం లేదు. మేము పదో తరగతి దాకా తేనీరు అంటే తేనె కలిపిన నీళ్లు అనుకునేవాళ్లం, నిజం.

ఆకు ఎవరిది?

మన దేశంలో టీని బ్రిటిష్ వాళ్లు కనిపెట్టారని పోటీ పరీక్షల గైడుల్లో చదువుతుంటాం. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వ్యాపారి ఎగువ అస్సాంలో తేయాకు మొక్కని చూశాడు అన్నది నిజమే. కానీ ఆయనకి చూపించింది ఎవరు? బిసా గామ్ అనే సింగ్‌ఫో తెగ పెద్ద. సింగ్‌ఫోలు మనలాగే ఆదివాసులు. బ్రూస్ రాకముందే వాళ్లు ఆ ఆకుని కోసి, వేపి, వెదురు బొంగుల్లో కూరి దాచుకుని, మరిగించుకుని తాగేవాళ్లు. ఇప్పటికీ తాగుతున్నారు. కాబట్టి కనిపెట్టింది బ్రూస్ కాదు, ఆయన అడిగి తెలుసుకున్నాడు. రెండిటికీ చాలా తేడా ఉంది కదా.

1833లో చైనా వ్యాపారం మీద ఈస్టిండియా కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యం పోయింది. చైనా మీద ఆధారపడకుండా సొంతంగా టీ పండించాలని 1834లో గవర్నర్ జనరల్ బెంటింక్ ఒక కమిటీ వేశాడు. 1838లో అస్సాం టీ పెట్టెలు మొదటిసారి లండన్ బయలుదేరాయి. 1839 జనవరిలో అక్కడ వేలం వేశారు. అదే సంవత్సరం అస్సాం కంపెనీ పుట్టింది. ఇదంతా పదహారేళ్లలోనే జరిగింది. సింగ్‌ఫోలు తిరిగిన అడవులు ‘బంజరు భూములు’ అని కాగితాల మీదకెక్కి, తోటల యజమానుల చేతికి వెళ్లిపోయాయి. మన పోడు భూముల కథ తెలిసినవాళ్లకి ఈ బంజరు అనే మాట కొత్తగా అనిపించదు.

చేతులు ఎవరివి?

తోటలు వేశారు, పని చేసేవాళ్లు దొరకలేదు. మొదట చైనా నుంచి కొందరిని తెచ్చారు, అది నడవలేదు. సొంత పొలం ఉన్న అస్సామీ రైతు తోటలో కూలికి రాలేదు. అప్పుడు వాళ్ల చూపు మన వైపు తిరిగింది. ఛోటానాగ్‌పూర్ ముండాలు, ఒరావులు, ఖరియాలు, సంతాలులు. మధ్య భారతం గోండులు. తర్వాత గంజాం, విశాఖపట్నం ఏజెన్సీల సవరలు, కోందులు, కొండ కింద ఉండే తెలుగు పేద కులాల వాళ్లు.

ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న మా కొండలు, పక్కన ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి కొండలు, అన్నీ అప్పట్లో ఆ రెండు జిల్లాల కిందే ఉండేవి. రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివి. 1866లో గంజాం, ఒడిశాల్లో ఘోరమైన కరువు వచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు మీద ఆంక్షలు పెరిగాయి. ఒక పక్క షావుకారు అప్పు, ఇంకో పక్క ఫారెస్టు జవాను. 1890లలో తూర్పు తీరం రైలు పట్టాలు పడ్డాయి. ఇక కొండ దిగితే కలకత్తా దాకా రైలు, గోలుందో రేవు నుంచి బ్రహ్మపుత్ర మీద స్టీమరు, దిగితే తోట.

మనుషుల్ని పోగుచేసే దళారీని అర్కాటీ అనేవాళ్లు. తోటలోంచి సొంత ఊరికి వచ్చి తనవాళ్లనే తీసుకెళ్లేవాడిని సర్దార్ అనేవాళ్లు. ‘చెట్టుని ఊపితే డబ్బులు రాలతాయి’ అని ఆశ పెట్టి తీసుకెళ్లారని అస్సాం తోటల్లో ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారట.

అక్కడ ఏముంది? చట్టం ఉంది. మామూలుగా చట్టం అంటే మనకి రక్షణ అనుకుంటాం. 1859 చట్టం ప్రకారం ఒప్పందం మధ్యలో పని మానేస్తే అది నేరం, జైలు. మామూలుగా ఒక పని మానేస్తే జీతం పోతుంది. అక్కడ స్వేచ్ఛ పోయేది. 1865 చట్టం నెలకి మగవాళ్లకి 5 రూపాయలు, ఆడవాళ్లకి 4, పిల్లలకి 3 అని కూలి ఖరారు చేసింది. అదే చట్టం, పారిపోయిన కూలీని వారెంటు లేకుండా పట్టుకునే అధికారం తోట యజమానికే ఇచ్చింది. అంటే దొరే పోలీసు. 1863 నుంచి 1866 దాకా మూడేళ్లలో సుమారు 85 వేల మందిని అస్సాంలో దించితే, 30 వేలకు పైగా చనిపోవడమో పారిపోవడమో జరిగిందని అప్పటి లెక్కలే చెప్తున్నాయి. చనిపోయినవాళ్లని, పారిపోయినవాళ్లని ఒకే గడిలో రాశారు చూడండి. తోటకి రెండూ ఒకటే, చెయ్యి తగ్గింది. ఆ 1859 చట్టం 1926 దాకా పోలేదు.

మామ్మ చెప్పింది

ఇదంతా మాకు పుస్తకంలో చరిత్రలాగే ఉండేది. మాలో ఒకరి ఇంటికి సెలవుల్లో ముగ్గురం వెళ్లాం, సీతంపేట వైపు ఒక గూడ. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని అస్సాం తోటల గురించి మేము మాట్లాడుకుంటుంటే, పక్కన చింతపండు పిక్కలు తీస్తున్న మామ్మ చెయ్యి ఆపి అడిగింది. మామ్మ మాట్లాడింది సవరలో, మేము తెలుగులో రాస్తున్నాం.

“ఏ ఊరి సంగతిరా అది? అస్సామా?”

“అవును మామ్మా. టీ తోటలు.”

“మా పెదనాన్న అక్కడికే పోయాడు.”

మేము ముగ్గురం నోరు తెరిచాం. ఇన్నేళ్లలో ఇంట్లో ఎవ్వరికీ ఈ మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు మామ్మా అంటే, “మీరెప్పుడు అడిగారు?” అంది.

మామ్మ పుట్టకముందే ఆయన వెళ్లాడట. అప్పు ఉండేది. ఒక సర్దార్ వస్తే అతనితో మరో నలుగురితో కలిసి కొండ దిగాడు. ఒకసారి మనియార్డర్ వచ్చింది. ఎంతో మామ్మకి తెలీదు, ఆ డబ్బుతో ఒక గిత్తని కొన్నారని మాత్రం వాళ్ల నాన్న చెప్పేవాడట. ఆ తర్వాత కబురు లేదు. బతికున్నాడన్న కబురూ లేదు, చనిపోయాడన్న కబురూ లేదు.

మన సవరల్లో చనిపోయినవాళ్లకి రాయి నిలబెడతాం కదా. ఆయనకి నిలబెట్టలేదు. “చచ్చాడని తెలిస్తే కదా నిలబెట్టేది” అంది మామ్మ. ఎంతోకాలం వాళ్ల నానమ్మ ఎవరైనా కొత్త మనిషి గూడలోకి వస్తే లేచి నిలబడి చూసేదట.

85 వేలు, 30 వేలు అని లెక్కలు రాసుకున్న మా నోటుబుక్కు అప్పుడు ఒళ్లోనే ఉంది. అందులో పెదనాన్న లేడు. ఆయన చాలా తర్వాత వెళ్లాడు, ఆ చట్టాలు పోయాక వెళ్లాడు. చట్టాలు పోయినా తోట ఉంది, అప్పు ఉంది, సర్దార్ ఉన్నాడు.

తిరిగి రావాలనుకున్నవాళ్లు

తోటల్లో మనవాళ్లు తల వంచుకుని ఉండిపోయారనుకుంటే తప్పు. 1921 మే నెలలో సుర్మా లోయలోని చర్‌గోలా, లంగాయి తోటల నుంచి వేలమంది కూలీలు పని వదిలేసి, పిల్లల్ని చంకన వేసుకుని సొంత ఊళ్లకి బయలుదేరారు. ‘ముల్లుక్ చలో’ అన్నారు. అంటే ఊరికి పోదాం పద. నడిచి, రైలెక్కి చాంద్‌పూర్ రేవు దాకా వచ్చారు. స్టీమరు దొరికితే ఇంటికే. మే 20 రాత్రి స్టేషన్లో పడుకుని ఉన్నవాళ్ల మీద గూర్ఖా సిపాయిలు పడి కొట్టారు. ఆ తర్వాత కలరా వచ్చింది. వాళ్ల కోసం రైల్వే వాళ్లు, స్టీమరు పనివాళ్లు సమ్మె చేశారు. స్వాతంత్ర్య పోరాటం పాఠంలో మేము దీన్ని చదవలేదు. మీరెవరైనా చదివారా?

తిరిగి రానివాళ్లు అక్కడే ఉండిపోయారు. ఇవాళ అస్సాంలో వాళ్లని టీ తెగలు అంటారు. అందులో సవరలు ఉన్నారు, తెలంగా అనే పేరుతో మన తెలుగువాళ్లూ ఉన్నారు. సొంత రాష్ట్రంలో ఎస్టీలుగా ఉన్న తెగల వాళ్లే అక్కడ మాత్రం ఓబీసీ జాబితాలో ఉన్నారు. ఎస్టీ హోదా కోసం దశాబ్దాలుగా అడుగుతున్నారు. మన చేతిలో ఉన్న కుల ధ్రువీకరణ పత్రం, దాని మీద వచ్చిన హాస్టల్ సీటు, పెదనాన్న మనవలకి లేవు. ఆయన కొండ దిగాడు, మా తాత దిగలేదు. తేడా అంతే.

ఇంకో సంగతి. ఆ తోటల్లో కూలీలు పని మధ్యలో తాగే టీలో పాలు ఉండవు, చాలాచోట్ల చక్కెర కూడా ఉండదు. నల్ల టీలో ఉప్పు వేసుకుని తాగుతారు. ఎండలో చెమట కారిపోతుంది కదా, అందుకు. అలవాటైన ఆ ఉప్పు వల్ల రక్తపోటు పెరుగుతోందని డాక్టర్లు చెప్తున్నారు. లేత ఆకుల్ని ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవనూనెతో నలిపి అన్నంలో పచ్చడిలా తింటారు. లోకమంతా పాలు, నురగ వేసుకుని తాగే ఆకుని కోసే మనిషి ఉప్పునీళ్ల టీతో మధ్యాహ్నం గడుపుతాడు.

టీ మన ఇంటికి ఎలా వచ్చింది?

మనం టీ దగ్గరికి వెళ్లిన కథ ఇది. టీ మన దగ్గరికి వచ్చిన కథ ఇంకోటి ఉంది.

వందేళ్ల కిందట మన దేశంలో చాలామంది టీ తాగేవాళ్లు కాదు. పండిందంతా ఓడెక్కేది. 1903లో టీ సెస్సు చట్టం చేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీల్లో, గనుల్లో టీ దుకాణాలు పెట్టించారు. రైల్వే స్టేషన్లలో టీ ఎలా కాయాలో దేశభాషల్లో బొమ్మలతో బోర్డులు పెట్టారు. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం వచ్చి ధరలు పడిపోయాయి. 1933లో ఎగుమతులకి పరిమితి పెట్టుకున్నారు. మిగిలిన టీ ఎవరు తాగాలి? మనం. అప్పుడు ప్రచారం ఇంకా పెంచారు.

కానీ మనవాళ్లు వాళ్లు చెప్పినట్టు తాగలేదు. బోర్డు మీద ఆకు ఎక్కువ, పాలు కొంచెం అని ఉంటుంది. టీ కొట్టువాళ్లు ఆకు తగ్గించి, పాలు, చక్కెర పెంచి, అల్లం, యాలకులు, మిరియాలు దంచి వేశారు. మసాలా వేస్తే తక్కువ ఆకుతోనే ఘాటు వస్తుంది. టీ వ్యాపారుల సంఘానికి ఇది నచ్చలేదు, ఆకు తక్కువ అమ్ముడవుతుంది కదా. అయినా అదే నిలబడింది. ఇవాళ ప్రపంచమంతా కొనుక్కునే మసాలా చాయ్ కంపెనీ తయారుచేసింది కాదు, పొదుపు కోసం పేద కొట్టువాడు చేసింది. 1930లలో అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చింది. ఆకుని నలిపి, చింపి, గుళికలుగా చుడుతుంది. మన ఇళ్లలో ఉండే గుళికల టీ పొడి అదే. స్వాతంత్ర్యం తర్వాత అది దేశమంతా పాకింది. చవక, చిక్కన, రంగు ఎక్కువ. ఇవాళ మన దేశంలో పండే టీలో 80 శాతం దాకా మనమే తాగుతున్నాం.

మా గూడలకి అది ఇంకా ఆలస్యంగా వచ్చింది. మామ్మ చిన్నప్పుడు పొద్దున్నే చోడి అంబలి. పోడులో పండిన చోళ్లు, సామలు, కందులు, ఉలవలు. టీ మొదట సంతలో తాగారు, తర్వాత రోడ్డు పనికి వెళ్లినచోట కాంట్రాక్టరు పోయించాడు. “పొద్దున్న ఓ గ్లాసు, మధ్యాహ్నం ఓ గ్లాసు. తాగితే ఆకలి తెలీదు. అది కడుపుని మోసం చేసే నీళ్లురా” అంది మామ్మ. మోసమని తెలిసీ తాగారు, ఎందుకంటే పని ఆగకూడదు. తర్వాత ఇంట్లోకి వచ్చేసింది. అంబలి కాయడానికి ముందురోజు నుంచి పని ఉంది. టీకి ఐదు నిమిషాలు చాలు.

మా హాస్టల్లో మేము చేసేదీ అదే. పొద్దున్న తొమ్మిదికి క్లాసు, లేచేసరికి ఎనిమిదిన్నర. బయట బడ్డీలో ఒక టీ, రెండు బిస్కెట్లు. కిందటేడు మా దగ్గర రక్త పరీక్షలు చేస్తే మాలో చాలామందికి, ముఖ్యంగా అమ్మాయిలకి, రక్తం తక్కువని తేలింది. టీలో ఉండే టానిన్లు తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. అందుకే భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది. మేమేమో అన్నం తినగానే టీ కొట్టుకి పరిగెత్తేవాళ్లం.

ఇక ఆ 280 రూపాయల టీ

టీ మానేయమని మేము చెప్పం. మేమూ మానలేదు. కడుపుని మోసం చేసే నీళ్లలో కొంచెం నిజమైన తిండి పెట్టొచ్చా అని చూశాం.

లెక్క ముందు. అదే సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోల మనిషికి సుమారు 46 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా ఉంటుంది. పాలు 100 మిల్లీలీటర్లకి 3 గ్రాములు. పుట్నాలపప్పు 100 గ్రాములకి సుమారు 22. ఉలవలూ దాదాపు అంతే. వేరుశనగ 25 దగ్గర. డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడి వేలల్లో ఉంది, అది మనకొద్దు. పుట్నాలపప్పు ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతుంది. శనగల్ని వేపి పొడిచేసి నీళ్లలో కలుపుకుని తాగడం బీహార్, జార్ఖండ్ వైపు సత్తు పేరుతో ఎప్పటి నుంచో ఉంది. తోటలకి తరలించిన ముండాలు, ఒరావుల సొంత గడ్డ అది.

రెండు గ్లాసులకి మేము పెట్టిన విధానం:

పుట్నాలపప్పు 30 గ్రాములు, అంటే సుమారు మూడు పెద్ద చెంచాలు, మెత్తగా పొడి చేసి జల్లించుకోవాలి. దాన్ని పావు గ్లాసు చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి పక్కన పెట్టాలి. అన్నీ కలిపి పాలు 200 మిల్లీలీటర్లు, ఒక పెద్ద గ్లాసు.

ఒక గ్లాసు నీళ్లలో చితక్కొట్టిన అల్లం ముక్క, నాలుగు మిరియాలు, రెండు యాలకులు, చిన్న దాల్చినచెక్క వేసి ఐదు నిమిషాలు మరగనివ్వాలి. మసాలా దిగాక రెండు చెంచాల టీ పొడి. రెండు నిమిషాలు చాలు, ఎక్కువ మరిగిస్తే వగరు. ఇప్పుడు మిగిలిన పాలు పోసి ఒక పొంగు రానిచ్చి వడకట్టాలి.

వడకట్టిన టీని మళ్లీ సన్న మంట మీద పెట్టి, కలిపి ఉంచిన పప్పు పాలు పోస్తూ తిప్పుతూ ఉండాలి. ఒక్క నిమిషం. దించాక బెల్లం పొడి వేసి కరిగించాలి. తర్వాత కవ్వంతో చిలకాలి, లేదా టీ కొట్టు అన్నలాగా ఎత్తు నుంచి గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోయాలి. పైన నురగ నిలబడుతుంది. కేఫులో మిషన్ చేసే పని అదే.

పాలలో 6 గ్రాములు, పప్పులో 6 పైన, మొత్తం 12 దాటుతుంది. గ్లాసుకి 6 గ్రాములు. అంటే ఒక గుడ్డు తిన్నట్టు.

మొదటిసారే రాలేదు. పొడిని నేరుగా వేడి టీలో వేశాం, ఉండలు కట్టి పకోడీల పిండిలా తేలింది. రెండోసారి బెల్లం పొయ్యి మీద ఉండగానే వేశాం, పాలు విరిగిపోయాయి. మూడోసారి బాగా వచ్చింది కానీ పొయ్యి మీదే వదిలేసి ఫోన్ చూసుకుంటుంటే గంజిలా చిక్కబడింది. నాలుగోసారి కుదిరింది. మీకు ఆ మూడు తప్పులూ అక్కర్లేదు.

పాలు పడనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. తాగితే కడుపుబ్బరం. దీనికి సిగ్గుపడక్కర్లేదు. మన కొండల్లో పాత రోజుల్లో ఆవుని పితికేవాళ్లు కాదు. “దూడ పాలు మనం తాగేస్తే దూడ ఏం తాగుతుంది?” అని మామ్మ ఇప్పటికీ అంటుంది. ఆవుని పెంచింది దున్నే గిత్తల కోసం, పాల కోసం కాదు. పాలు పడనివాళ్లు గుప్పెడు వేరుశనగ గింజలు రాత్రి నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పాలని బాగా మరిగించి ఇదే విధంగా వాడుకోండి. వేరుశనగ పడనివాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు.

ఇది భోజనానికి బదులు కాదు. సాయంత్రం నాలుగైదు మధ్య తాగండి, అన్నానికి దూరంగా. పొద్దున్న మాత్రం వీలైతే చోడి అంబలే. మేము ముగ్గురం ఇప్పుడు ఇంటి నుంచి చోడిపిండి తెచ్చుకుంటున్నాం. రోజూ కుదరడం లేదు, వారంలో మూడు రోజులు కుదురుతోంది.

మామ్మ తీర్పు

నాలుగోసారి కుదిరిన టీని మామ్మకిచ్చాం. నురగ చూసి అనుమానంగా గ్లాసు తిప్పింది. ఒక గుటక తాగింది. ఇంకో గుటక తాగింది. “ఇది టీ కాదురా, అంబలి” అంది. మొత్తం తాగేసి గ్లాసు బోర్లించింది.

ఆ తర్వాత మామ్మ చెప్పిన పెదనాన్న పేరు నోటుబుక్కులో రాసుకున్నాం. ఆయనతో వెళ్లిన నలుగురిలో ఇద్దరి పేర్లే మామ్మకి గుర్తున్నాయి, అవీ రాసుకున్నాం. మిగతా ఇద్దరి పేర్లు చెప్పగలిగినవాళ్లు గూడలో ఇంకెవరూ లేరు. అడగడంలో పదేళ్లు ఆలస్యం అయిందని అప్పుడు అర్థమైంది.

అందుకే ఈ పోస్టు. ఈ గుంపులో సవరలున్నారు, జాతాపులున్నారు, కొండదొరలున్నారు, గదబలున్నారు, కోయలున్నారు, గోండులున్నారు. ఈ సెలవుల్లో ఇంటికెళ్తే ఒక గ్లాసు టీ పెట్టి మీ తాతకో మామ్మకో ఇవ్వండి. ఇచ్చి, మన ఇంట్లోంచి అస్సాం గానీ, బర్మా గానీ, ఇంకే దూరానికి గానీ పనికి పోయి తిరిగి రానివాళ్లు ఉన్నారా అని అడగండి. పేరు, గూడ, ఎవరితో వెళ్లారు, తర్వాత ఏ కబురు వచ్చింది. నాలుగు లైన్లు చాలు. రాసి ఇక్కడ పెట్టండి. అందరివీ ఒకచోట చేర్చే పని మేము ముగ్గురం చూసుకుంటాం.

జై ఆదివాసీ.